శనివారం బడి: బొంబాయి నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా

మన ధరూరు, గట్టు, మల్దకల్ ఊళ్లలో బొంబాయి బస్సెక్కినవాళ్లు లేని వాడ కనిపించదు. తాతల కాలంలో పోయినవాళ్లు మట్టి పని, రాళ్ల పని చేశారు. తర్వాత పోయినవాళ్లు అంతస్తుల మీద అంతస్తులు కట్టారు. వాళ్లలో చాలామంది లోకల్ బండిలో మస్జిద్ స్టేషన్ దాటే ఉంటారు. వి.టి. స్టేషన్ నుంచి సెంట్రల్ లైనులో బయల్దేరితే మొదట వచ్చేది అదే. కిరాణా సరుకుల గోదాములు, హమాలీల కేకలు, తోపుడు బండ్లు. ఆ పేరు వింటే అక్కడేదో పెద్ద మసీదు ఉందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి స్టేషనుకు ఆ పేరు పక్కనున్న ఒక యూదుల ప్రార్థనామందిరం వల్ల వచ్చింది. 1796లో కట్టిన ఆ మందిరం పేరు శార్ హరహమీం, అంటే కరుణా ద్వారం. మరాఠీ మాట్లాడే అక్కడి యూదులు తమ గుడిని తామే మసీదు అని పిలుచుకునేవాళ్లు.

దాన్ని కట్టించినవాడు శామ్యూల్ ఎజికియెల్ దివేకర్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేశాడు. మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను సేనకు చిక్కి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ కృతజ్ఞతతో మొక్కు తీర్చుకున్నట్టుగా ఈ మందిరం కట్టించాడని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారు. అక్కడి నుంచి ఉత్తరంగా పోతే కామాటిపుర వస్తుంది. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కామాటీల వల్లే ఆ పేటకు ఆ పేరు. దానికి ఆనుకునే బైకలా. అక్కడ బాగ్దాదు నుంచి వచ్చిన వర్తకుడు డేవిడ్ ససూన్ 1860లలో కట్టించిన మాగెన్ డేవిడ్ మందిరం ఉంది, పొడుగాటి గడియార గోపురంతో. అంటే బొంబాయిలో మన తెలుగు కూలీలూ, ఆ యూదులూ ఇరుగుపొరుగున బతికారన్నమాట. ఇన్నేళ్లు పక్కనే ఉండి కూడా ఆ గోడల లోపల ఏం జరుగుతుందో మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. ఈ రోజు ఆ సంగతి చెబుతాను. బొంబాయితో ఆగను. ఎందుకంటే అదే ప్రార్థనను తెలుగు గడ్డ మీద, తెలుగువాళ్లే చేసుకుంటున్న ఊరు ఒకటి ఉంది.

ముందు బొంబాయి యూదుల మాట. వాళ్లు తమను తాము బెనె ఇస్రాయెల్ అంటారు, ఇశ్రాయేలు సంతానం అని. ఎప్పుడో ప్రాచీన కాలంలో కొంకణ తీరంలో నవ్‌గావ్ దగ్గర ఓడ పగిలి, ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారని, వాళ్ల సంతతే తామని వాళ్ల కథ. పుస్తకాలన్నీ సముద్రం పాలయ్యాయి. పల్లెల్లో గానుగలాడించి నూనె తీసుకుంటూ బతికారు. మన దగ్గర గాండ్లవాళ్లు చేసిన పనే. అయితే శనివారం మాత్రం గానుగ కట్టేవాళ్లు కారు. అందుకని చుట్టుపక్కలవాళ్లు వాళ్లను శనివార్ తేలీలు అన్నారు, శనివారం నూనె ఆడించని గానుగవాళ్లు అని. ఎందుకు ఆడించకూడదో చెప్పే గ్రంథం వాళ్ల దగ్గర లేదు. హీబ్రూ రాదు. పూజారి లేడు. తమ మతం పేరేమిటో కూడా సరిగా తెలియని స్థితి. మిగిలినవల్లా శనివారం సెలవు, మగపిల్లలకు సున్తీ, తిండిలో కొన్ని కట్టుబాట్లు, షెమా అనే ఒక చిన్న ప్రార్థన.

ఆ తిండి కట్టుబాటు గురించి వాళ్లలో ఒక కథ ఉంది. దావీదు రహబి అనే యూదు పండితుడు వాళ్లను చూడవచ్చాడట. వీళ్లు నిజంగా యూదులేనా అని ఆయనకు అనుమానం. నోటితో ఏమీ అడగలేదు. రకరకాల చేపలు తెప్పించి, వండమని ఆడవాళ్ల ముందు పెట్టించాడు. వాళ్లు కొన్నిటిని ఏరి పక్కన పడేశారు. ఇవెందుకు తీసేశారమ్మా అంటే, పొలుసూ రెక్కా లేనివి మేం తినమన్నారు. మోషే ధర్మశాస్త్రంలో ఉన్న నియమం సరిగ్గా అదే. జూరాల కట్ట దగ్గర చేపలు కొనేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ గంపనే వాళ్ల ముందు పెట్టి ఉంటే రవ్వ, బొచ్చె, కొర్రమట్ట ఇటువైపు ఉండేవి. వాలుగ, జెల్ల, మార్పు అటువైపు పోయేవి. పుస్తకం పోయినా శాస్త్రం ఆ ఆడవాళ్ల చేతుల్లో మిగిలింది. రహబి అక్కడే ఉండి, వాళ్లలో కొందరికి ప్రార్థనలు నేర్పి గురువులుగా నిలబెట్టాడని చెబుతారు. చరిత్ర ఎంత, కథ ఎంత అని నేను విడదీయబోవడం లేదు. ఆ సమాజం తన మొదలును ఒక పాఠంగా గుర్తుపెట్టుకుందన్నదే నాకు ముఖ్యం.

ఇక మందిరం లోపలికి వెళదాం. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి శనివారపు పండుగ శుక్రవారం సాయంత్రమే వచ్చేస్తుంది. పొద్దు గూకకముందే ఇంట్లో ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. పొద్దు గూకాక నిప్పు రాజెయ్యకూడదు, డబ్బు ముట్టకూడదు, పని ముట్టకూడదు. మందిరంలో ఆ సాయంత్రం పాడే పాట లెఖా దోదీ. 16వ శతాబ్దంలో సఫేదు పట్టణంలో ష్లోమో అల్కబెట్స్ అనే భక్తుడు కట్టింది. అందులో శనివారాన్ని పెళ్లికూతురిగా ఊహించి ఎదురుకోలు పలుకుతారు. ఆఖరి చరణానికి వచ్చేసరికి సభ మొత్తం లేచి గుమ్మం వైపు తిరుగుతుంది, వచ్చే అమ్మాయికి తలవంచి స్వాగతం చెప్పినట్టుగా. తర్వాత ద్రాక్షరసం గిన్నె మీద దీవెన చదివి, రొట్టె విరిచి పంచుకుంటారు.

మందిరంలో విగ్రహం ఉండదు, పటం ఉండదు. అందరి చూపూ పడమటి గోడ వైపు ఉంటుంది, ఎందుకంటే మన దేశం నుంచి యెరూషలేము పడమరన ఉంది. ఆ గోడలో తెర వేసిన ఒక అర ఉంటుంది. తెలుగు బైబిలు చదివినవాళ్లకు మందసం అంటే తెలుస్తుంది, దాని గుర్తుగా పెట్టిన అర అది. అందులో తోరా చుట్టలుంటాయి. మోషే రాసినవిగా చెప్పే ఐదు కాండాలనూ చర్మపు పత్రాల మీద చేత్తో రాసి, పత్రాలను కుట్టి, రెండు కర్రలకు చుడతారు. మొత్తం 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం చెరిగినా సరే, దిద్దేదాకా ఆ చుట్టను సభలో చదవరు. బాగ్దాదు యూదుల పద్ధతిలో చుట్టను చెక్కతోనో వెండితోనో చేసిన గుండ్రటి పెట్టెలో నిలబెట్టి ఉంచుతారు, నిలబెట్టే చదువుతారు. అక్షరాల మీద వేలు పెట్టరు. కొసన చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరస వెంట జరుపుకుంటూ పోతారు.

మీకు చెప్పాలని నేను ఎక్కువగా ఎదురుచూసిన సంగతి ఇక్కడుంది. ఆ చుట్టలో హల్లులే ఉంటాయి, అచ్చుల గుర్తులుండవు. గుణింతాలన్నీ తీసేసిన తెలుగు పేజీ చేతికిచ్చి, గుక్క తిప్పుకోకుండా చదవమన్నట్టు ఉంటుంది. వాక్యం ఎక్కడ ఆగాలో గుర్తు లేదు. ఏ స్వరంలో పాడాలో గుర్తు లేదు. ఇవన్నీ చదివేవాడి నోట్లో ముందే ఉండాలి. కాబట్టి శనివారం చదవాలంటే వారమంతా చదువుకోవాలి. పదమూడేళ్లు నిండిన పిల్లవాడిని మొదటిసారి వేదిక మీదికి పిలిచి చదివిస్తారు. దానికి ముందు నెలల తరబడి పాఠం ఉంటుంది. పాఠం లేకుండా అక్కడ పూజ సాగదు. గుడి ఒకచోట, బడి ఒకచోట పెట్టుకున్న మనబోటివాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా తోస్తుంది. ఐదు కాండాలనూ 54 భాగాలు చేసి, వారం వారం చదువుతూ ఏడాదికి ముగిస్తారు. ముగిసిన రోజే మళ్లీ మొదటి వాక్యం అందుకుంటారు. ఆ రోజు చుట్టలను ఎత్తుకుని పాడుతూ ఆడుతూ తిరుగుతారు.

మరి గ్రంథమే లేని బెనె ఇస్రాయెల్‌కు ఈ చదువు ఎవరు చెప్పారు? ఇందులో నాకు ఎంతో ఇష్టమైన మలుపు ఒకటి ఉంది. కొచ్చి నుంచి వచ్చిన యూదు గురువులు కొంత చెప్పారు. ఇంకొంత చెప్పింది క్రైస్తవ మిషనరీలు. స్కాట్లండు నుంచి 1829లో బొంబాయి వచ్చిన జాన్ విల్సన్ వాళ్ల పిల్లలకు బడులు పెట్టాడు. 1832లో మరాఠీ భాషలో హీబ్రూ వ్యాకరణం అచ్చు వేశాడు. ఆయన ఆశ వాళ్లు క్రైస్తవులవుతారని. జరిగింది వేరు. ఆ వ్యాకరణంతో వాళ్లు తమ ధర్మశాస్త్రాన్ని తామే చదువుకోవడం మొదలుపెట్టారు. చదివేకొద్దీ మరింత గట్టి యూదులయ్యారు. విల్సన్ మీద వాళ్లకు గౌరవం మాత్రం చెక్కుచెదరలేదు. చదువు ఇచ్చినవాడు దాన్ని ఎటు నడిపించాలో కూడా తానే చెప్పలేడు.

ఆ తర్వాత వాళ్లలోంచే పండితులు పుట్టుకొచ్చారు. జోసెఫ్ ఎజికియెల్ రాజ్‌పుర్కర్ ఒక హెడ్మాస్టరు. హీబ్రూ ప్రార్థనలను ఒకదాని తర్వాత ఒకటి మరాఠీలోకి తెచ్చాడు. హయీం సామ్యూల్ కేహిమ్‌కర్ 1875లో బెనె ఇస్రాయెల్ పిల్లలకని ఒక బడి పెట్టాడు. మరాఠీ చదువు, దానితోపాటు హీబ్రూ. తర్వాత అదే సర్ ఎల్లీ కడూరీ స్కూలు అయింది. 1880 ప్రాంతంలో మరాఠీ హరిదాసుల కీర్తనల్ని చూసి, అదే పద్ధతిలో అబ్రాహాము కథ, యోసేపు కథ, మోషే కథ చెప్పించడం మొదలుపెట్టారు. మనకు హరికథ ఎలాగో అలాగన్నమాట: తాళం, పాట, మధ్యలో కథకుడి వ్యాఖ్యానం. హీబ్రూ రాని ఆడవాళ్లూ, పిల్లలూ గ్రంథం విన్నది ఆ కీర్తనల్లోనే. 1874లో పుణెలో పస్కా పండుగ రాత్రి చదువుకునే పుస్తకం మరాఠీ అనువాదంతో అచ్చయింది. అందులో ఒక బొమ్మ ఉంది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ రాత్రిని తలచుకుంటూ పులియని రొట్టె చేస్తున్న ఆడవాళ్లు. వాళ్లు కట్టుకున్నది చీరలు, పెట్టుకున్నది మన ముడి, కూర్చున్నది నేల మీద. ఆ బొమ్మ గీసినవాడి పక్కన ఒక్క గంట కూర్చునే వీలుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

వాళ్ల ఇళ్లలో మొక్కు తీరినప్పుడు మలీద చేస్తారు. మన బతుకమ్మకూ, పీర్ల పండుగకూ చేసే రొట్టె బెల్లం మలీద కాదు. తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, పండ్లు కలిపి, ఏలీయా ప్రవక్తను తలచుకుంటూ పాడి పంచుతారు. ప్రపంచంలో మరే యూదులూ ఇలా చేయరు.

ఇప్పుడు ఆ మందిరాల్లో సందడి తగ్గింది. 1951 జనాభా లెక్కల్లో దేశంలో యూదులు పాతిక వేలకు పైగా ఉండేవాళ్లు. ఇజ్రాయెల్ దేశం ఏర్పడ్డాక చాలామంది తరలిపోయారు. 2011 లెక్కల్లో ఐదు వేల లోపే మిగిలారు. సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలన్నది వాళ్ల నియమం. ఆ పదిమంది కోసం ఎదురుచూడాల్సిన రోజులు వచ్చాయి. 2008 నవంబరు దాడుల్లో కొలాబాలోని నారిమన్ హౌస్‌లో ఉన్న యూదు గురువునూ ఆయన భార్యనూ చంపాక, మందిరాల గేట్ల దగ్గర పోలీసు కాపలా కూడా వచ్చింది. అయినా బైకలా మందిరం ఆవరణలో ససూన్ బడి నడుస్తూనే ఉంది. యూదు పిల్లల కోసం పెట్టిన ఆ బడిలో ఇప్పుడు చదివేది ఎక్కువగా ముస్లిం పిల్లలు. ఢిల్లీలో 1956లో కట్టిన జూడా హయీం మందిరం ఇంకా చిన్నది. అక్కడ శుక్రవారం ప్రార్థనకు దేశదేశాల నుంచి వచ్చినవాళ్లూ, ఇతర మతాలవాళ్లూ కూర్చుంటారు. ప్రార్థనకు కావలసిన పదిమందిలో ఆడవాళ్లను కూడా లెక్కపెడతానని అక్కడి పెద్ద ఎజికియెల్ ఐజాక్ మాలేకర్ పత్రికలకు చెప్పారు. పాత నియమం ప్రకారం లెక్కకు వచ్చేది మగవాళ్లే. ఆయన చేసింది సరైన పని అని నా నమ్మకం.

తెలుగు నేలకు వచ్చే ముందు ఒక్క మాట. హీబ్రూ పాఠం తెలంగాణకు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో పర్షియా నుంచి వచ్చిన సర్మద్, యూదు కుటుంబంలో పుట్టి సూఫీ అయిన కవి. కుతుబ్‌షాహీల కాలంలో హైదరాబాదులో ఉన్నాడు. ఆయన శిష్యుడు అభయ్ చంద్ అనే హిందూ యువకుడు. గురువు దగ్గర తోరా నేర్చుకుని, ఆదికాండంలోని కొంత భాగాన్ని పార్శీలోకి తెచ్చాడు. అన్ని మతాల గురించీ చెప్పే దబిస్తాన్ అనే పార్శీ గ్రంథంలో అది చేరింది. ఆ గ్రంథకర్త సర్మద్‌ను కలిసింది హైదరాబాదులోనే, 1647లో. చార్మినారు కట్టి అప్పటికి అరవై ఏళ్లయినా నిండలేదు.

ఇక కొత్తరెడ్డిపాలెం. గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర. చేబ్రోలు అనగానే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. ఆ గుడికి దగ్గర్లోని పల్లెలో, మాదిగ వాడలో, 1991లో ఒక సమాజమందిరం వెలిసింది. దాని చుట్టూ చేరినవాళ్లు కొన్ని పదుల కుటుంబాలు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. వాళ్లు తమను బెనె ఎఫ్రాయిము అంటారు. యోసేపు కొడుకు ఎఫ్రాయిము, అతని గోత్రం చెదిరిపోయి, పర్షియా మీదుగా, ఉత్తరాది మీదుగా నడిచి నడిచి తెలుగు దేశం చేరిందని, ఆ గోత్రం వాళ్లమే తామని వాళ్లు నమ్ముతారు. ముందు నిలిచినవాళ్లు యాకోబి అన్నదమ్ములు, శమూయేలు యాకోబి, సాదోక్ యాకోబి. శమూయేలు క్రైస్తవ బోధకుడిగా ఉన్నవాడు. 1980లలో యెరూషలేము చూసి వచ్చాక తమ పెద్దల దారి ఇదే అని నిశ్చయించుకున్నాడు. తమ్ముడు సాదోక్ ఊళ్లో ప్రార్థన నడిపించాడు, పిల్లలకు హీబ్రూ అక్షరాలు దిద్దించాడు.

గమనించండి, ఇక్కడ కూడా మొదట పుస్తకం చేతికిచ్చింది మిషనరీలే. 1842లో హెయర్ దొర గుంటూరు వచ్చాడు. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ మార్గం వేసింది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బోధకుడు. మన వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ఊళ్లలోని ఎం.బి. చర్చిలకు వెళ్లేవాళ్లకు ఈ చరిత్ర పరాయిది కాదు. వాడల్లోని గుడిసెల్లో తెలుగు బైబిలు చేరింది. వెట్టి చేసేవాళ్లు ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసల కథ విన్నారు. ఎక్కువమందికి ఆ కథ యేసు దగ్గరికి దారి అయింది. కొత్తరెడ్డిపాలెంలో కొందరు మాత్రం పాత నిబంధన దగ్గరే ఆగారు. అది చదువుతుంటే తమ ఇంటి సంగతే చదువుతున్నట్టు ఉందన్నారు.

ఆధారమేమిటని అడిగితే వాళ్లు చూపించేవి రెండు ఉన్నాయి. చనిపోయినవాళ్లను కాల్చం, పూడ్చిపెడతాం. పెద్దకూర తింటాం. ఊరు ఏ తిండిని చూపి వాళ్లను అంటరానివాళ్లని వాడలో ఉంచిందో, ఆ తిండినే వాళ్లు తమ ప్రాచీన గౌరవానికి సాక్ష్యంగా నిలబెట్టారు. పండితులు దీని మీద ఏమన్నా అనవచ్చు. ఆంధ్ర యూదుల మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. కులం, మతం రెండూ ఆ ఊళ్లో ఎలా పెనవేసుకున్నాయో అందులో వివరించారు.

నాకు మాత్రం ఇంకొకటి తోస్తుంది. తోరా చుట్ట చర్మం మీద రాస్తారని చెప్పాను కదా. ప్రార్థన వేళ నుదుటికీ చేతికీ కట్టుకునే చిన్న పెట్టెలు, వాటి పట్టీలు, అవీ తోలువే. ఆ తోలు ఎవరో నానబెట్టాలి, గీకాలి, ఆరబెట్టాలి. మన పల్లెల్లో లంద దగ్గర తంగేడు చెక్క వేసి తోలు ఊనినవాళ్లు మాదిగలే. రైతు మోట బొక్కెన, ఎద్దుల వార్లు, దొర చెప్పులు, పెళ్లి డప్పు, అన్నీ వాళ్ల చేతుల మీద తయారైనవే. అన్నీ వాడుకుని, ముట్టుకోవద్దన్నాం. యూదులకు అత్యంత పవిత్రమైన వస్తువు తోలుపని లేకుండా పుట్టదు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు ఇది ఎత్తి చూపించారో లేదో గాని, తోలు పని చేసిన తాతల మనవడు తోరా ముందు నిలబడి దీవెన చదవడంలో నాకు గొప్ప న్యాయం కనిపిస్తుంది.

తమ కథ తాము చెప్పుకోవడం మాదిగ సమాజానికి కొత్త కూడా కాదు. మన పాలమూరు పల్లెల్లో చిందువాళ్లు, డక్కలివాళ్లు వచ్చి జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే జాంబవంతుడు ఉన్నాడని, అందరికంటే పెద్ద మనమేనని పటం విప్పి చూపించేవాళ్లు. ఊరు చెప్పిన కథలో తమకు అట్టడుగు చోటిస్తే, వాడ తన కథను తనే చెప్పుకుంది. బెనె ఎఫ్రాయిము వాళ్ల కథ నాకు ఆ వరసలోనే వినిపిస్తుంది. నిజమా కాదా అని డి.ఎన్.ఏ. పరీక్షలకు పంపేముందు, ఒక మనిషి తన తాతల్ని ఎవరని తలుచుకోదలిచాడో చెవిపెట్టి వినాలి.

వారం వారం అక్కడ జరిగేది చూడండి. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగిస్తారు. శనివారం పనికి పోరు. రోజు కూలీ మీద బతికేవాళ్లు, కోతల కాలంలో కూడా, వారంలో ఒక రోజు కూలీ వదులుకోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా? ప్రార్థన కొంత హీబ్రూలో, కొంత తెలుగులో. పాటల్లో తెలుగు పాటలూ ఉంటాయి. పస్కాకు పులియని రొట్టె, చేదు కూరలు. శరదృతువులో పర్ణశాలల పండుగ. వయసు మళ్లిన అమ్మలు మనవళ్లతో కలిసి అలెఫ్, బేత్ అని అక్షరాలు నేర్చుకున్న ఊరది. బొంబాయిలో వందేళ్లు పట్టిన పని ఇక్కడ ఒక్క తరంలో మొదలైంది. అక్కడ ససూన్ల సంపద ఉంది. ఇక్కడ ఉన్నది రెక్కల కష్టం.

గుర్తింపు మాట వస్తే కష్టమే. ఇజ్రాయెల్ వీళ్లను యూదులుగా ఒప్పుకోలేదు. ఈశాన్య రాష్ట్రాల బ్నేయి మెనాషె వాళ్లను 2005లో అక్కడి ప్రధాన గురువు ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించాడు. తెలుగువాళ్లకు ఆ మాట రాలేదు. ఒకప్పుడు బెనె ఇస్రాయెల్ కూడా ఇదే అవమానం పడ్డారు. బొంబాయిలో బాగ్దాదు యూదులు వాళ్లను తమతో సమానంగా చూడలేదు. ఇజ్రాయెల్ వెళ్లాక పెళ్లిళ్ల విషయంలో అక్కడి గురువులు అనుమానించారు. వీధుల్లోకి వచ్చి పోరాడితే గాని, 1964లో పూర్తి యూదులన్న మాట దక్కలేదు.

ఇంటి దగ్గర ఇంకో చిక్కు. 1950 రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు, యూదులకు లేదు. అంటే కొత్తరెడ్డిపాలెం కూలీ బిడ్డ కాగితం మీద నేను యూదునని రాస్తే కాలేజీ సీటులో రిజర్వేషను పోతుంది. ఊళ్లో మాత్రం అతణ్ని మాదిగవాడనే అంటారు. వివక్ష మతం మారినా వెంట వస్తుంది, హక్కు మాత్రం వెంట రాదు. ఇది అన్యాయమని నేను అనుకుంటున్నాను. దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతున్నదీ ఇదే. ఇక మైనారిటీ హోదా సంగతి చూస్తే, దాన్ని యూదులకు మహారాష్ట్ర 2016లో ఇచ్చింది, 2018లో గుజరాత్ ఇచ్చింది.

నాకు ఒక కోరిక ఉంది. మరాఠీకి రాజ్‌పుర్కర్ చేసిపెట్టిన పనిని తెలుగుకు ఎవరైనా పూనుకుని చేయాలి. హీబ్రూ ప్రార్థనలకు మంచి వాడుక తెలుగు కావాలి. నూటయాభై ఏళ్ల నాటి బైబిలు తెలుగు చాలదు. పిల్లల కోసం బొమ్మలతో, తెలుగు అక్షరం పక్కన హీబ్రూ అక్షరం పెట్టి, మన ఊరి మాటలతో సాగే మొదటి వాచకం ఒకటి కావాలి. హైదరాబాదులో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ లాంటి చోట్ల హీబ్రూ చెప్పే అధ్యాపకులున్నారు. విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రం చదివేవాళ్లున్నారు. పాస్టరు కావాలనుకునే గద్వాల కుర్రాడికీ, కొత్తరెడ్డిపాలెంలో పదమూడో ఏట వేదిక ఎక్కాల్సిన పిల్లవాడికీ ఒకే పుస్తకం పనికొస్తుంది. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఆ భాష తెలిసినవాళ్లు ఉంటే, ముందుగా 22 అక్షరాలకు 22 తెలుగు మాటలు ఎంచి మొదలుపెట్టండి.